విరోధం లేని మనిషి

కన్నయ్యకు కోపం వస్తే ఎలా ఉంటాడో రేవుపల్లిలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఎద్దు కాలు తొక్కితే "జర జరుగు నాయనా" అని దాన్నే బతిమాలే రకం. పక్క పొలంవాడు గట్టు చెక్కి తన వైపు కలుపుకుంటే, మిగిలిన ఆ కాస్త గట్టు మీదే కూర్చొని వాడితో కలిసి చుట్ట కాల్చి వచ్చిన ఘనుడు. ఊళ్లో పెద్దవాళ్లు అతన్ని "అల్లుడా" అని పిలిచేవారు, ఈడువాళ్లు "బావా" అనేవారు. ఆ ఊరికి అతను ఇల్లరికం వచ్చాడు మరి. ఒక ఇంటికి అల్లుడై వచ్చినవాడు మెత్తదనం కొద్దీ ఊరంతటికీ అల్లుడై కూర్చున్నాడు.

రేవుపల్లి సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఒడ్డు మీద ఉంటుంది. కాగితాల మీద మహారాష్ట్ర, నోట్లో తెలుగు. కచేరీ మెట్లెక్కితే మరాఠీ కావాలి, వెనక అడవిలో గూడేనికి పోతే గోండి కావాలి. ఊళ్లో చాలామంది ఈ మూడింటినీ తలా కాస్త కలిపి బతుకు వెళ్లదీసేవారు.

కన్నయ్య పుట్టింది మాత్రం గడ్చిరోలి దారిలో ఉన్న ఆష్టిలో. తండ్రి అక్కడ టేకు డిపోలో రంపం లాగేవాడు. కొడుకు తనలా పొట్టు పీల్చి దగ్గకూడదని మరాఠీ బడిలో వేశాడు. కన్నయ్య ఏడో తరగతి దాకా చదివాడు, బాగానే చదివాడు. తండ్రి పోయాక చదువు ఆగిపోయింది. మేనమామ సంబంధం వెతికి రేవుపల్లి రాజుబాయి కూతురు సుశీలాబాయితో పెళ్లి చేయించాడు. రాజుబాయికి నదివాడలో వరి మడులున్నాయి, దున్నే మగదిక్కు లేదు. పెళ్లయిన మర్నాడే ఆమె అల్లుణ్ణి కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది.

"అల్లుడా, ఈ ఊర్ల నీకు అన్నల్లేరు, తమ్ముల్లేరు. ఎవ్వలతోని పేచి వెట్టుకోకు. పేచి వెట్టుకున్ననాడు నీ దిక్కు నిలవడెటోడు ఒక్కడు ఉండడు."

అత్త చెప్పిన మాటలన్నీ అల్లుళ్లు వింటారా? ఈ అల్లుడు విన్నాడు. ఆ మాటనే పట్టుకొని పాతికేళ్లు గడిపాడు.

అతనికి మరాఠీ వచ్చునన్న సంగతి ఊరికి తెలియకపోవడానికి కూడా ఆ మాటే కారణం. వచ్చిన కొత్తలో ఒకసారి అడవి కాసే జంగలాతు గార్డు గూడెం మనిషిని కట్టెల మోపుతో పట్టుకొని మరాఠీలో తిడుతున్నాడు. ఆ మనిషికి ఒక్క ముక్క తెలియడం లేదు. పక్కనే నిలబడ్డ కన్నయ్యకు ప్రతి ముక్కా తెలుస్తోంది. నోరు విప్పితే తగాదా మధ్యలోకి పోవాలి, గార్డుకు చెడ్డ కావాలి. "నీకేమన్న సమజైతాందా బావా?" అని ఎవరో అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఒకసారి రాదన్నాక మళ్లీ వచ్చునని చెప్పడం కష్టం. అలా వచ్చిన భాష రాకుండానే ఉండిపోయింది. భార్య ఒక్కదానికే తెలుసు. మొదటి ఏడాది ముచ్చట్లలో ఆమెకు చెప్పాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. గడ్చిరోలి కొత్త జిల్లా అయిన తర్వాత రేవుపల్లికి పంచాయితీ ఎన్నికలు వచ్చాయి. ఊళ్లో వాడవాడకూ మెంబర్లను ఎన్నుకోవాలి, ఆ మెంబర్లంతా కూర్చొని సర్పంచిని ఎన్నుకోవాలి. అప్పటిదాకా సర్పంచి అంటే శంకరన్న పటేలే. అంతకు ముందు వాళ్ల నాయన. ఎన్నిక అన్న పేరే తప్ప, పటేలు కుర్చీ తుడుచుకొని మళ్లీ అందులోనే కూర్చోవడం ఊరికి అలవాటైపోయింది.

ఈసారి అలవాటు తప్పింది. దానికి కారణం బోరింగు. సర్కారు ఊరికని ఒక బోరింగు మంజూరు చేస్తే, దాన్ని పటేలు తన ప్రహరీ లోపల, పశువుల కొట్టం ముందర దింపించుకున్నాడు. రాయి పడలేదు, నీళ్లు ఇక్కడే పడ్డాయి, నేనేం చేసేది అన్నాడు. ఆయన పశువులు తాగాక, ఇంటివాళ్లు తోడుకున్నాక, గేటు బయట బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను పిలిచేవారు. పిలవని రోజులూ ఉండేవి. నదివాడ, గూడెం ఏటి ఇసుకలో చెలిమలు తవ్వుకొని తాగేవి. వానాకాలం ఏరు ఎర్రగా వస్తే ఆ ఎర్రనీళ్లే బట్టలో వడగట్టుకునేవారు. పోయిన వానల్లో బేదులు తగిలి గూడెంలో దేవయ్య చిన్న కూతురు చనిపోయింది.

ఆ దేవయ్యే ఈసారి సర్పంచికి నిలబడతానన్నాడు. తునికాకు, విప్పపువ్వు ఏరే కుటుంబం వాళ్లది. ఆకు కాంట్రాక్టు మనుషులతో వాదించీ వాదించీ కాస్త మరాఠీ పట్టుబడింది. గొంతు పెద్దది, మనసు పెద్దది, చేతిలో మాత్రం ఏమీ లేదు. రెండో బోరింగు నదివాడకూ గూడేనికీ నడుమ పడాలి, అది తప్ప ఇంకే ఆశా లేదు అతనికి. గూడెం నుంచి దేవయ్య, భీము గెలిచారు. నది వైపు నుంచి ఆడవాళ్ల సీటుకు ముత్తక్క గెలిచింది. పటేలు వైపు ముగ్గురు గెలిచారు. పటేలు అందులో ఒకడు. మిగిలింది నదివాడ సీటు.

నదివాడ కన్నయ్యను నిలబెట్టింది. ఎందుకని అడిగితే, అతని మీద పోటీకి ఎవరికీ మొహం చెల్లదని. అదే జరిగింది. పోటీ లేకుండానే కన్నయ్య మెంబరయ్యాడు. మెడలో బంతిపూల దండ వేస్తే సిగ్గుపడి తలొంచుకున్నాడు. ఆ దండ బరువేమిటో ఆ రోజు అతనికి తెలియలేదు.

"ఇగ నీ చేతుల్నే ఉన్నది బావా," అన్నాడు దేవయ్య. "ముగ్గురు ముగ్గురమైనం. పటేలు పేరు చెప్పంగనే చెయ్యి లేపకు. నా పేరు చెప్తే లేపు. గంతే, మాటతోని పనే లేదు."

కన్నయ్య తలూపాడు. మనసారా ఊపాడు. అబద్ధం లేదు అందులో. లింగక్క, దేవయ్య భార్య, బిడ్డ పోయిన తర్వాత మనుషుల్లో కలవని మనిషి, ఆ రోజు అతని దగ్గరకు వచ్చి చేతులు జోడించింది. "నువ్వు మంచోనివన్నా," అని మాత్రం అని వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే పటేలు స్వయంగా నదివాడకు వచ్చాడు. కన్నయ్య ఇంటి ముందు మంచం వాల్చుకొని కూర్చున్నాడు, చల్ల అడిగి తాగాడు, ఎద్దులను చూసి మెచ్చుకున్నాడు. ఎన్నిక మాట పూర్తిగా అనలేదు కూడా. లేస్తూ, "మనకు మనకు పేచీలెందుకు అల్లుడా. ఎప్పటి లెక్కనే ఉందం," అన్నాడు.

కన్నయ్య దానికీ తలూపాడు. గడపలో నిలబడి సుశీలాబాయి చూసింది. పటేలు పోయాక, "ఇద్దరికీ తలూపితివి గదా, ఉన్నదే ఒక్క తలకాయ," అంది. కన్నయ్య నవ్వి ఎద్దులకు గడ్డి వేయడానికి పోయాడు. అలా నవ్వి పోవడమే అతని జీవితంలో చాలా ప్రశ్నలకు జవాబు.

సర్పంచి ఎన్నిక బడి గదిలో పెట్టారు. సిరొంచ నుంచి ఒక సాబు వచ్చాడు, ఊరి గ్రామసేవకు పక్కన కూర్చున్నాడు. బయట వేపచెట్టు కింద నదివాడ, గూడెం మొత్తం చేరి కిటికీల వైపే చూస్తున్నాయి. సాబు ఆ పొద్దుటే ఇంకో ఊళ్లో ఎన్నిక జరిపి విసిగిపోయి వచ్చాడు. అక్కడ చేతులెత్తమంటే మెంబర్లు ఇద్దరి పేర్లకూ ఎత్తారట, ఎవర్ని నొప్పించడం ఎందుకని. అందుకని ఇక్కడ చేతుల పద్ధతి వద్దన్నాడు. మొదట పటేలు పేరు పెడతాను, ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతాను, నోటితో చెప్పండి అన్నాడు. దేవయ్య మొహం ఒక్క క్షణం పాలిపోయింది. నేర్పింది చేతులెత్తడం, అడుగుతున్నది మాట.

సాబు అడిగిన మాట ఇదీ. "యాంచ్యా నావాలా తుమ్చా విరోధ్ ఆహే కా?" ఈ పేరుకు మీరు వ్యతిరేకమా అని.

పటేలు వైపు వాళ్లు "నాహీ" అన్నారు. దేవయ్య గట్టిగా "ఆహే" అన్నాడు. భీము దేవయ్య నోటి వైపే చూస్తూ అదే మాట తిరిగి అప్పజెప్పాడు. ముత్తక్క మరాఠీతో తంటాలు పడలేదు. "నాకు పటేలు వద్దు, దేవయ్య గావాలె. రాసుకోండ్రి," అంది తెలుగులోనే. గ్రామసేవకు నవ్వుకుంటూ అది మరాఠీలో చెప్పాడు. చివర్న కూర్చున్నవాడు కన్నయ్య.

సాబు అదే మాట అడిగాడు. కన్నయ్యకు అర్థమైంది. అక్షరం అక్షరం అర్థమైంది. నాలుక చివర "ఆహే" అన్న రెండక్షరాలు సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఎదురుగా కూర్చున్న పటేలు కాస్త ముందుకు వంగి, ఎంతో ఆప్యాయంగా, తెలుగులో అడిగాడు.

"ఏమయ్యా అల్లుడా, నాతోని నీకేం విరోధం?"

మన మాటలో విరోధమంటే పగ. పగ ఉందా అని ఒక మనిషి మొహంలోకి చూసి అడుగుతుంటే ఉందని ఎవరంటారు? పటేలు కావాలనే అన్నాడో, అలవాటుగా అన్నాడో నాకు తెలియదు. కన్నయ్యకు మాత్రం తప్పించుకునే దారి కనిపించింది. మరాఠీ మాటకు జవాబు చెప్పకుండా తెలుగు మాటకు జవాబు చెప్పాడు.

"అయ్యో, నాకెవ్వలతోని విరోధం లేదు సాబ్."

"విరోధ్ నాహీ," అన్నాడు గ్రామసేవకు. సాబు రాసుకున్నాడు. పని అయిపోయింది. పటేలు మనుషులు దండ తెచ్చారు. దేవయ్య మాత్రం తన పేరు ఎప్పుడు పెడతారా అని ఇంకా కూర్చునే ఉన్నాడు పాపం. ఏడుగురిలో నలుగురు పటేలు పేరుకు ఒప్పుకున్నాక ఇక పెట్టే పని లేదని గ్రామసేవకు చెప్పాల్సి వచ్చింది.

బయటికి రాగానే భీము కన్నయ్య అంగీ పట్టుకున్నాడు. చుట్టూ జనం మూగారు. "ఎంత దిన్నవ్ పటేలు తాన?" అని ఎవరో అరిచారు. ముత్తక్క అందర్నీ తోసుకొచ్చి, "అసలేమన్నవయ్యా నువ్వు? ఎందుకట్ల అన్నవ్?" అని నిలదీసింది.

"విరోధం... విరోధం లేదన్న. పంచాది లేదని..."

దేవయ్య నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకొని, అంత బాధలోనూ నవ్వేశాడు. "అయ్యో బావా! మరాఠోల్ల విరోధ్ వేరు, మన విరోధం వేరు! నువ్వు ఒప్పుకోవా అని అడిగిండు ఆయన. పగ ఉన్నదా అని గాదు!" ఆ నవ్వు జనంలోకి పాకింది. భీము అంగీ వదిలేశాడు, తెగిపడిన గుండీ వెతికి చేతిలో పెట్టాడు. పాపం, మరాఠీ రాక మోసపోయిండు, ఆయన తప్పేమున్నది అన్నారు. ముసలమ్మలు బుగ్గలు పుణికారు.

కన్నయ్య కాదనలేదు. పిరికివాడు అనిపించుకోవడం కన్నా తెలివితక్కువవాడు అనిపించుకోవడం తేలికగా తోచింది ఆ నిమిషానికి. ఎంత తేలికో తర్వాత తెలిసొచ్చింది. పిల్లలు అతను కనబడితే "విరోధ్ నాహీ!" అని కేకలేసి పరుగెత్తేవారు. నాటు వేసే కూలీలు అదే మాట మీద జోకులేసుకునేవారు. ఎవరి నవ్వులోనూ విషం లేదు. విషం ఉన్నా బాగుండేది. తిట్టినవాణ్ణి చూసి తలొంచుకోవచ్చు, జాలిపడ్డవాణ్ణి చూసి ఎక్కడికి పోవాలి? ఏటికి పోయే దారిలో బిందెలతో ఆడవాళ్లు ఎదురైతే గట్టు దిగి మడిలోంచి నడిచేవాడు, బురదైనా సరే.

ఇంట్లో ఇంకొక రకం. ఒక రోజు అన్నం పెడుతూ సుశీలాబాయి అంది, "నీకు మరాఠీ రాదంటున్నరు ఊర్లోల్లు."

"అననీ."

"నన్ను గూడ అడుగుతున్నరు. మీ ఆయన ఆష్టోడు గద, జరంత గూడ రాదా అని. రాదనే అంటున్న." పప్పు వేసి, గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఇరవై అయిదేండ్లల్ల నేను ఊరికి అబద్ధం చెప్పలే. ఇప్పుడు రోజు చెప్తున్న."

కన్నయ్య ఆ ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. చెప్పేద్దామనుకున్నాడు, ఆ రోజే దేవయ్య ఇంటికి పోయి చెప్పేద్దామనుకున్నాడు. గూడెం మొదలు దాకా పోయాడు కూడా. అక్కడ లింగక్క చెలిమ నీళ్లు బట్టలో వడపోస్తూ కనిపించింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

దేవయ్య ఊరుకునే మనిషి కాదు. ఎవరితోనో గడ్చిరోలి కచేరీకి అర్జీ రాయించాడు. మా మెంబరుకు మరాఠీ తెలియక తప్పు జవాబిచ్చాడు, ఎన్నిక మళ్లీ జరిపించండి అని. పిలుపు వచ్చింది. "నువ్వు వచ్చి, నాకు మరాఠీ రాదు సాబ్ అని ఒక్కమాట చెప్తే చాలు బావా. అన్ని మాటలు నేను మాట్లాడ్త," అన్నాడు. కన్నయ్య తలూపాడు. ఏం చేస్తాడు, ఊపడం తప్ప వేరే నేర్చుకోలేదు. కానీ ఈసారి ఆ ఊపులో కొంచెం ఆశ కూడా ఉంది. ఎన్నిక మళ్లీ జరిగితే ఈసారి "ఆహే" అంటాను, పటేలు మొహం చూడకుండా నేల చూసైనా అంటాను, తప్పు దిద్దుకుంటాను అనుకున్నాడు. ఒక అబద్ధంతో ఊరికి నీళ్లొస్తాయంటే ఆ అబద్ధం మంచిదే కదా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

సిరొంచ నుంచి గడ్చిరోలి దగ్గరేమీ కాదు. ఎర్ర బస్సులో అడవంతా దాటుకొని పోవాలి. ఆష్టిలో బస్సు ఆగితే అందరూ చాయకు దిగారు. కన్నయ్య తువ్వాలు నెత్తి మీద కప్పుకొని సీటు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి కూర్చున్నాడు. చిన్ననాటివాడెవడైనా చూసి పలకరిస్తాడేమోనని భయం. తల తిరుగుతున్నదేమో అనుకొని దేవయ్య కిటికీలోంచి చాయ అందించాడు. "పరేషాన్ గాకు బావా, నేనున్న గద," అన్నాడు. ఆ చాయ తాగుతుంటే కన్నయ్యకు ఏడుపొచ్చింది.

పటేలు విచారణకు రానేలేదు. రావలసినంత విషయమని ఆయన అనుకోలేదు. కచేరీలో ఒక పెద్దవయసు అధికారి, ఒక గుమాస్తా ఉన్నారు. అధికారి శాంతంగా ఉన్నాడు, కేకలేయలేదు, కూర్చోమన్నాడు. దేవయ్య తన వచ్చీరాని మరాఠీలో, మధ్యమధ్య తెలుగు కలిపి, చేతులతో చూపిస్తూ రెండు విరోధాల తేడా అంతా చెప్పాడు. అధికారికి అది నచ్చినట్టే ఉంది. గుమాస్తా వైపు చూసి, ఇలాంటి పొరపాటు జరిగే అవకాశం ఉందన్నాడు. దేవయ్య కళ్లు మెరిశాయి. ఇంకొక్క అడుగు, అంతే.

అధికారి కన్నయ్య వైపు తిరిగి మెల్లగా, పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాడు. "కా హో, తుమ్హాలా మరాఠీ యేత్ నాహీ కా?" ఏమయ్యా, నీకు మరాఠీ రాదా అని.

ఏమీ అర్థం కానట్టు దేవయ్య వైపు చూడాలని బస్సులో ఎన్నిసార్లు అనుకున్నాడో. కానీ ఆ గొంతు, ఆ బల్ల, గోడ మీది పటాలు, ఎదుట కుర్చీలో ఒక పెద్దమనిషి. కన్నయ్య బడిలోలాగా చటుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు. పెద్దవాళ్లు అడిగితే అడిగిన భాషలో, మర్యాదగా, పూర్తి వాక్యంలో చెప్పాలని నేర్పిన నోరు దానంతటదే చెప్పేసింది.

"నాహీ సాహేబ్, మలా మరాఠీ అజిబాత్ యేత్ నాహీ."

లేదండీ, నాకు మరాఠీ బొత్తిగా రాదు. మాట తప్పు లేదు, యాస తప్పు లేదు. ఆష్టి బడిపంతులు వింటే వీపు తట్టేవాడు.

గుమాస్తా కలం ఆగిపోయింది. ముందు అతను నవ్వాడు. అధికారి నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, రాదన్న సంగతి మీరు చాలా మంచి మరాఠీలో చెప్పారు అన్నాడు. ఎక్కడ చదివారు అని అడిగాడు. కన్నయ్య నేల చూస్తూ "ఆష్టి" అన్నాడు. అధికారి అర్జీ మడిచి పక్కన పెట్టాడు. ఇక మీరు వెళ్లవచ్చు అన్నాడు. దేవయ్య వైపు చూసినప్పుడు మాత్రం ఆయన మొహంలో కొంచెం జాలి కనిపించింది.

తిరుగు బస్సులో దేవయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు, నిలదీయలేదు. కన్నయ్య రెండు మూడుసార్లు "దేవయ్యా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. తల కొట్టేసినట్టుంది అతనికి. బస్సు ఆష్టిలో ఆగినప్పుడు దేవయ్య కిటికీలోంచి బయటకు చూస్తూ అడిగాడు.

"బడేది బావా?"

కన్నయ్య చెయ్యెత్తి చూపించాడు. పెంకుల కప్పు చెట్ల సందులోంచి కనబడుతోంది. బస్సు కదిలేదాకా దేవయ్య అటే చూశాడు.

రేవుపల్లి చేరేసరికి నదివాడ మొదట్లో జనం ఎదురుచూస్తున్నారు. ముత్తక్క, భీము, ముసలీ ముతకా. సుశీలాబాయి కాస్త దూరంగా నిలబడి ఉంది. లింగక్క బిందెతో నీళ్లు తెచ్చింది. దూరం నుంచి వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం ఆ ఊరి మర్యాద. ముందు కన్నయ్య కాళ్ల మీదే పోసింది, ఊరి కోసం పోయొచ్చిన మనిషి అని. ఆ నీళ్లు చెలిమలో గిన్నెతో తోడి, బిందె నింపి, గట్టెక్కి మోసుకొచ్చినవి. కన్నయ్య వద్దన్నా వినలేదు, ధారగా పోస్తూనే ఉంది.

"ఏమాయె?" అంది ముత్తక్క.

"ఒప్పుకోలే సాబు," అన్నాడు దేవయ్య. "కానూను గట్లున్నదట. అయిపోయింది ఇగ." అంతే చెప్పాడు. కన్నయ్య వైపు చూడలేదు.

"పోనీ తియ్యి బావా, రాని భాషకు నువ్వేం జేస్తవ్," అన్నాడు భీము. భుజం మీద చెయ్యి వేశాడు కూడా.

మోసపోయినవాడే దాచిపెడుతున్నాడు. దెబ్బతిన్నవాళ్లే ఓదారుస్తున్నారు. కన్నయ్య ఆ చేతి కింద నిలబడలేకపోయాడు.

"నాకు మరాఠీ వస్తది," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏంది?" అంది ముత్తక్క.

"నాకు మరాఠీ మంచిగ వస్తది. ఆనాడు గూడ వచ్చు."

జనం ఘొల్లున నవ్వారు. "గడ్చిరోలి వొయ్యొచ్చేసరికి మరాఠోడైండు అల్లుడు!" అన్నాడొక ముసలాయన. "చూడుండ్రి, ఎంత మంచోడో. దేవయ్యకు మాట రావద్దని తప్పు నెత్తినేసుకుంటుండు," అన్నది ఇంకొకామె. పాతికేళ్ల మంచితనం అడ్డంగా నిలబడి అతని మాట నమ్మనివ్వలేదు.

కన్నయ్య చేతులు కట్టుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక, నోటికి మొదట ఏది వస్తే అది మొదలుపెట్టాడు. "బే ఏకే బే. బే దుణే చార్. బే త్రిక్ సహా. బే చోక్ ఆఠ్..." మరాఠీ బడిలో చిన్నపిల్లలు అరిచే రెండో ఎక్కం. జనం ఇంకా నవ్వారు. పిల్లలు గంతులేశారు. అతను ఆపలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, పాఠం అప్పజెప్పే రాగంలోనే, ఎక్కడా తడబడకుండా చదువుకుంటూ పోయాడు. "బే సక్ బారా. బే సాతీ చౌదా. బే ఆఠీ సోళా..." నవ్వు పల్చబడింది. ముందు ముత్తక్క ఆగింది, తర్వాత భీము. "బే దాహే వీస్" అనేసరికి నవ్వేవాళ్లెవరూ లేరు. భీము చెయ్యి భుజం మీంచి జారిపోయింది.

"సాబు ఏమడిగిండో నాకు సమజైంది," అన్నాడు కన్నయ్య తెలుగులో. "పటేలు ముందర నువ్వొద్దు అననీకె నోరు రాలే. భయమైంది. గంతే. మీరు మరాఠీ రాదనంగనే అండ్ల దాక్కున్న. మా ఆడిదానితోని గూడ అబద్ధమాడిచ్చిన."

ఎవరూ తిట్టలేదు. ముత్తక్క మొహం తిప్పుకొని ఇంటికి పోయింది. ఒకరి వెనక ఒకరు కదిలిపోయారు. చివరికి దేవయ్య అతని దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అంత పెద్ద గొంతు మనిషి చాలా మెల్లగా అడిగాడు.

"గీ నోరు ఆనాడు ఎటువాయె బావా?"

లింగక్క బిందెలోకి తొంగి చూసింది. అడుగున కాసిన్ని కూడా మిగల్లేదు, అన్నీ అతని కాళ్ల మీదే అయిపోయాయి. ఖాళీ బిందె చంకనెత్తుకొని ఆమె మళ్లీ ఏటి దారి పట్టింది.